హోమానికి తూర్పున నిలబడేవాడు

పెళ్లికి అగ్ని సాక్షి అన్న మాట మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి ఆ అగ్నికి అవతల, మెడలో ఒక కెమెరా, భుజాన ఇంకో కెమెరా వేసుకుని పొద్దుటినుంచి నిలబడే కుర్రాడి సంగతేమిటి? అతనూ సాక్షేనా? లేక సాక్షి ఉండవలసిన చోట నిలబడి, జరిగే కర్మను తనకు కావలసిన వైపు తిప్పుకునేవాడా? నేను పౌరోహిత్యం చేసేవాణ్ని. పుట్టింది కోనసీమలో, ఉంటున్నది రాజమహేంద్రవరంలో. పెళ్లిపీటల దగ్గర నాకు ఎదురుగా అందరికంటే ఎక్కువసేపు ఉండే మనిషి ఫోటోగ్రాఫరే. అందుకని ఈ ప్రశ్నను నేను పక్కన పెట్టలేను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఫోటోగ్రాఫరు పెళ్లికి సాక్షి కాగలడు, మంచి సాక్షి కాగలడు. అయితే కెమెరా చేతిలో ఉన్నంత మాత్రాన సాక్షిత్వం రాదు. ఏం జరుగుతోందో తెలిసి, దగ్గరగా ఉండి, చేసేవాళ్లను కదపకుండా చూడగలిగినప్పుడు వస్తుంది. ఆ తెలివిడి పెళ్లినాడు పందిట్లో దొరకదు. ముందుగా కూర్చుని మాట్లాడుకుంటేనే దొరుకుతుంది. శుభలేఖలు, సారె, వంటవాళ్ల లెక్క ఎలాగో, ఫోటోగ్రాఫరుతో కూర్చోవడమూ పెళ్లిపనుల్లో ఒకటేనని, దానికి ధర్మంతో నేరుగా సంబంధం ఉందని నేను నమ్ముతున్నాను.

మా గురువుల తరంవాళ్లు చాలామంది కెమెరాను ఒప్పుకునేవారు కాదు. వాళ్ల వాదం బలమైనదే. భగవద్గీత పదిహేడో అధ్యాయం యజ్ఞాన్ని మూడు రకాలుగా విడదీసి, ఫలం ఆశించి, పదిమందికీ చూపించుకోవడానికి చేసేదాన్ని రాజసం అంది. వివాహమూ అగ్నిముఖంగా జరిగే కర్మే కాబట్టి, ఫోటోల కోసం చేసే పెళ్లి దంభం కిందికి వస్తుందని వాళ్లు అనేవారు. అయితే గీత ఇక్కడ తప్పుపట్టింది చేసేవాడి ఉద్దేశాన్నే. చూసేవాళ్లు ఉండడంలో తప్పుందని ఎక్కడా అనలేదు. ఉపనయనంలో బ్రహ్మోపదేశం వేళ తండ్రి, వటువు పట్టుబట్ట కప్పుకుంటారు. మంత్రం చెవిలో పడుతుంది. అక్కడ కెమెరాకు పని లేదు, ఉండకూడదు కూడా. వివాహం అలాంటిది కాదు. పందిరి వేసి, మేళం పెట్టి, ఊరిని పిలిచి చేసేది. చూసేవాళ్లు లేకుండా జరిగినదాన్ని మన ఊళ్లలో దొంగపెళ్లి అనేవారు.

మా అమ్మానాన్నల పెళ్లికి ఫోటో ఒక్కటే. పెళ్లయి, సందడి అంతా సద్దుమణిగాక అమలాపురం వెళ్లి స్టూడియోలో తీయించుకున్నది. అమ్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది, నాన్న పక్కన నిలబడి కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఉంటాడు. వెనక తెర మీద చెట్లు, మెట్లు గీసి ఉంటాయి. ఆ కాలంలో కర్మ కర్మగా ముగిసిపోయాక ఫోటో వచ్చేది. ఒకదాని దారికి ఇంకొకటి అడ్డు వచ్చేది కాదు. ఇప్పుడు రెండూ ఒకే ఘడియలో, ఒకే నాలుగడుగుల చోటులో జరుగుతున్నాయి. ఆ ఇరుకులో ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరు ఎవరి మాట వినాలి అన్నది తేల్చుకోవలసిన అవసరం మన తరానికే వచ్చింది.

తేల్చుకోవాలంటే పెళ్లిలో చూపుకు ఉన్న స్థానం ఏమిటో ముందు చూడాలి. మా వైపు పెళ్లిళ్లు ఎక్కువగా ఆపస్తంబ సూత్రం ప్రకారం జరుగుతాయి. ఆ గృహ్యసూత్రం వరుడు వధువును ఒక మంత్రంతో చూడాలని విధించింది. దాన్ని సమీక్షణం అంటాం. ఆ మంత్రంలో ఆమె అందం గురించి ఏమీ ఉండదు. ఆమె చూపు కఠినం కాకుండా ఉండాలని, భర్తకూ ఇంటివాళ్లకూ చివరికి గొడ్డూగోదకూ మేలు చేసే చూపు కావాలని కోరుతుంది. ఆ వెంటనే వరుడు బొటనవేలు, ఉంగరపు వేలు కలిపి ఒక దర్భపోచ పట్టుకుని, ఆమె కనుబొమల నడుమ మెల్లగా తుడిచి, దాన్ని పడమటి దిక్కుకు పారేస్తాడు. ఒక మనిషి ఇంకో మనిషి ముఖాన్ని ఇంత శ్రద్ధగా చూడాలని, ఆ చూపుకు అడ్డుపడే చెడును గడ్డిపోచతో తుడిచేయాలని విధించిన కర్మ ఇది. నాకు వివాహ ప్రయోగంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

తెలుగునాట ఈ చూపు సుముహూర్తంతో, జీలకర్ర బెల్లంతో కలిసిపోయింది. ఇద్దరి మధ్య తెరసెల్ల పట్టుకుంటారు. జీలకర్ర, బెల్లం కలిపి నూరిన ముద్దను తమలపాకులో పెట్టి ఇద్దరి చేతికీ ఇస్తాను. లగ్నం రాగానే ఒకరి నడినెత్తిన ఒకరు ఆ ముద్ద పెట్టి, చెయ్యి తీయకుండా ఉంచుతారు. గట్టిమేళం మోగుతుంది. చేతి వేడికి బెల్లం కరిగి జుట్టులోకి దిగుతుంది. పిల్ల గాజులు పెళ్లికొడుకు చెవి పక్కన కదులుతుంటాయి. తెరసెల్ల కిందికి దిగుతుంది. ఆ క్షణంలో వాళ్లు చేయవలసిన పని ఒక్కటే, ఒకరి కళ్లలోకి ఒకరు చూడడం. సరిగ్గా అప్పుడే పక్కనుంచి కేక వినిపిస్తుంది. “సార్, ఇటు చూడండి! మేడమ్, ఇటు, కొంచెం నవ్వండి!” నాలుగు కళ్లూ అటు తిరుగుతాయి. తర్వాత ఆల్బంలో ఆ బొమ్మ రెండు పేజీల వెడల్పున వస్తుంది. ఇద్దరూ బాగానే ఉంటారు. కానీ ఆ బొమ్మ దేన్ని చూపించడానికి ఉందో, అది ఆ క్షణంలో జరగలేదు.

ఒక పెళ్లికూతురి అన్న నన్ను సూటిగానే అడిగాడు. “పంతులుగారూ, వీళ్లిద్దరూ ఏడాదిగా రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుకుంటున్నారు. ప్రీ వెడ్డింగ్ షూట్‌కి అరకు, గండికోట తిరిగొచ్చారు. ఇంకా తెర చాటున తొలిచూపేమిటండి?” అతని ప్రశ్నలో అన్యాయం ఏమీ లేదు. నేను చెప్పిన జవాబు ఇది. తెర చాటునుంచి చూసేది ముఖం ఎలా ఉందో తెలుసుకోవడానికి అయితే, మీరన్నట్టు దానికి ఈనాడు అర్థం లేదు. కానీ ఆ చూపు సంకల్పంతో కూడినది. ఇంతవరకు ఆమె ఎవరో తెలుసు. ఇప్పుడు ఆమె నాకు ఎవరో ఒప్పుకుంటున్నాను. తెలిసిన ముఖాన్నే ఆ ఒప్పుదలతో చూడడం కొత్త. అది రోజూ చూసుకున్నవాళ్లకూ తొలిచూపే. కాబట్టి అరకులో తీసిన బొమ్మలతో నాకు పేచీ లేదు. ఆ ఒక్క చూపును మాత్రం వాళ్లిద్దరికీ వదిలేయమంటాను.

ఇక రెండో చూపు పదిమందిది. ఋగ్వేదం పదో మండలంలో 85వ సూక్తం సూర్యుడి కూతురు సూర్య పెళ్లిని చెబుతుంది. పెళ్లి మంత్రాల్లో చాలా వాటికి అదే మూలం. అందులో ఒక మంత్రం అక్కడ చేరినవాళ్లను ఉద్దేశించింది. ఈ వధువు మంగళప్రదురాలు, అందరూ దగ్గరికి వచ్చి చూడండి, ఆమెకు సౌభాగ్యం కోరి ఆ తర్వాత ఇళ్లకు వెళ్లండి అని దాని భావం. వధువును చూడమని వేదమే పిలుస్తోంది. చూడడం, దీవించడం ఆ పిలుపులో విడివిడిగా లేవు. వచ్చి, చూసి, దీవించాలి.

కెమెరాకు గౌరవప్రదమైన చోటు నాకు ఇక్కడ కనిపిస్తుంది. రావలసినవాళ్లంతా రాలేరు. తుంటి విరిగి మంచం పట్టిన నాయనమ్మ రాలేదు. సెలవు దొరకని అన్న రాలేడు. రేపు పుట్టబోయే మనవలు ఎలాగూ రాలేరు. వాళ్లందరికీ ఆ పిలుపు అందించే పని ఫోటోగ్రాఫరు చేతిలో ఉంది. మండపేట దగ్గర ఒక పెళ్లిలో పిల్ల మేనత్త డాలస్‌లో ఉండిపోయింది. ఇక్కడ పట్టపగలు, అక్కడ అర్ధరాత్రి దాటింది. ఆవిడ పట్టుచీర కట్టుకుని, పళ్లెంలో అక్షతలు పెట్టుకుని ఫోను ఎదుట కూర్చుంది. నేను ఆశీర్వచనం చదువుతుంటే అక్షతలు ఆ ఫోను తెర మీదే చల్లింది. ఆ సంగతి నాకు పిల్ల తల్లి తర్వాత చెప్పింది. ఆ దీవెన చెల్లదని చెప్పే శాస్త్రం నాకు తెలియదు. కెమెరాను దంభం అనేవాళ్లకు నేను ఈ మేనత్తనే చూపిస్తాను.

ఈ రెండు చూపుల మధ్య తేడా గమనిస్తే చాలా చిక్కులు విడిపోతాయి. దంపతుల చూపు వాళ్లకే చెందింది, దాన్ని ఎవరూ తమ వైపు తిప్పుకోకూడదు. పదిమంది చూపు పిలిచి తెచ్చుకున్నది, దానికి ఎంత చోటైనా ఇవ్వొచ్చు. తలంబ్రాల దగ్గర ఎన్ని కెమెరాలున్నా, ఎంత అల్లరి జరిగినా నేను ఏమీ అనను. ముత్యాలు, బియ్యం ఇంకో దోసెడు పోయమన్నా పోయిస్తాను. అక్షతలు వేశాక వరసగా నిలబెట్టి తీసే గ్రూపు ఫోటోలకు భోజనాల ముందు వేరే సమయం ఇప్పిస్తాను. జీలకర్ర బెల్లం, కన్యాదాన ధార, మాంగల్యధారణ, సప్తపది, ఈ నాలుగింటి దగ్గర మాత్రం ఎవరూ ఎవరినీ పిలవకూడదు, ఆపకూడదు, మళ్లీ చేయమనకూడదు.

మళ్లీ చేయమనడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మాంగల్యధారణ అయిపోతుంది. ఎవరో బంధువు అడ్డం వచ్చి ఉంటాడు, ఫోకస్ తప్పి ఉంటుంది. “పంతులుగారూ, ఒక్కసారి తాళి పట్టుకుని కట్టినట్టు ఉంచమనండి” అంటారు. సప్తపదిలో, “నాలుగో అడుగునుంచి మళ్లీ, కొంచెం మెల్లగా” అంటారు. ఇందులో దోషం ఉందా అని తల్లిదండ్రులు భయంగా నా ముఖం చూస్తారు. మీమాంసకుల న్యాయం ఒకటుంది. విధించిన కర్మ ఒకసారి చేస్తే శాస్త్రం చెప్పినది నెరవేరినట్టే. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను కూడా, సప్తపది ఉన్న వివాహాల్లో ఏడో అడుగు పడగానే పెళ్లి సంపూర్ణమవుతుందని చెబుతుంది. కాబట్టి రెండోసారి వేసిన ఏడడుగులు పాపమూ కావు, కర్మా కావు. అవి ఉత్త నడక. జరిగినదానికి వాటివల్ల భంగం లేదు.

నష్టం వేరేచోట ఉంది. మొదటిసారి తాళి కట్టేటప్పుడు పెళ్లికొడుకు వేళ్లు వణుకుతాయి. పసుపుతాడు ముడి ఒక పట్టాన పడదు. వెనకనుంచి అతని అక్క జడ పక్కకు తీసి పట్టుకుంటుంది. రెండోసారి పట్టుకున్న చేతులు వణకవు. ఆల్బంలోకి ఎక్కేది ఆ వణకని చేతులే. కొన్నేళ్లు గడిచాక ఆ దంపతులు పెళ్లిని గుర్తుచేసుకునేది ఆల్బం చూసుకునే కాబట్టి, నిజంగా జరిగిన క్షణం మెల్లగా చెరిగిపోయి, నటించిన క్షణం దాని చోటులో కూర్చుంటుంది. సంస్కారం అంటే మనసు మీద పడే ముద్ర అనుకుంటే, అసలు ముద్ర మీద ఇంకో ముద్ర కొట్టినట్టే. ఫోకస్ తప్పినా, బంధువు భుజం అడ్డం వచ్చినా, వణికిన చేతుల బొమ్మే ఉంచుకోండి అని నేను బతిమాలేది ఇందుకే.

మూడో చూపు ఆకాశంలోకి. నక్షత్రాలు పొడిచాక వధువును బయటికి తీసుకువెళ్లి ధ్రువుణ్ని, అరుంధతిని చూపించమని ఆపస్తంబుడు చెప్పాడు. సప్తర్షి మండలం తోకలో చివరినుంచి రెండో నక్షత్రం వసిష్ఠుడు. ఆయన పక్కనే సన్నగా మినుకుమనేది అరుంధతి. రెండిటి మధ్య ఎడం చందమామ వెడల్పులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ, అంతే. చూపు బాగున్నవాళ్లకే విడిగా కనిపిస్తుంది. అందుకే ముందు పక్కనున్న పెద్ద నక్షత్రాన్ని చూపి, ఇదే అరుంధతి అని చెప్పి, చూపు అక్కడ నిలబడ్డాక, అది కాదు, దాని పక్కన చూడు అంటారు. బ్రహ్మసూత్ర భాష్యం మొదటి పాదంలో శంకరాచార్యులు ఈ పద్ధతిని ప్రస్తావించారు. స్థూలమైనదాన్ని చూపించి సూక్ష్మమైనదాని దగ్గరికి తీసుకువెళ్లడానికి మన శాస్త్రాల్లో అరుంధతీ న్యాయమని పేరు పడింది.

ఫోటో విషయంలో నేను చేరుకున్న ఒడ్డు ఈ న్యాయమే. ఫోటో పెద్ద నక్షత్రం. పెళ్లి దాని పక్కన, కంటికి సులువుగా ఆనని చోట ఉంటుంది. ఫోటో లేకపోతే చాలామంది చూపు అటువైపే తిరగదు. కాబట్టి అది కావాలి. అయితే ఏదో ఒక దశలో, ఇది పెళ్లి కాదు, దీని పక్కన చూడు అని కూడా చెప్పుకోవాలి. ఆ రెండో మాట మరిచిపోయిన ఇళ్లలోనే ఫోటోగ్రాఫరు పురోహితుడి కంటే పెద్దవాడవుతాడు, ఆల్బం సంసారం కంటే ముఖ్యమవుతుంది. 2024లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, హిందూ వివాహం సంస్కారమని, ఆటపాటలకూ విందులకూ మాత్రమే అది సందర్భం కాదని, క్రతువు జరగకుండా రిజిస్ట్రేషను పత్రం ఒక్కటే పెళ్లిని పెళ్లి చేయదని చెప్పింది. ప్రభుత్వ ముద్ర పడ్డ పత్రానికే లేని శక్తి బొమ్మకు ఎక్కడినుంచి వస్తుంది? పత్రమైనా బొమ్మైనా జరిగినదానికి రుజువు కాగలదు. జరగనిదాన్ని జరిపించలేదు.

పట్టపగలు పెళ్లిలో మిట్టమధ్యాహ్నం ఆకాశంలోకి వేలు చూపించి అరుంధతిని చూశామనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. ఫోటోలో నా వేలు ఉంటుంది, పైకెత్తిన రెండు ముఖాలుంటాయి. వైశాఖంలో రాత్రి పెళ్లిళ్లకు మాత్రం నేను దంపతులను బయటికి తీసుకువెళతాను. ఆ నెలలో సప్తర్షులు ఉత్తరాన ఎత్తుగా కనిపిస్తారు. రావులపాలెం వైపు కొబ్బరితోటలో ఒక పెళ్లికి వచ్చిన ఫోటోగ్రాఫరు ఈ మాట ముందే విని, స్టాండు వేసుకుని, వెలుగుతున్న లైట్లన్నీ ఆర్పించి, కొన్ని సెకన్లపాటు కెమెరా తెరిచి ఉంచి ఆ బొమ్మ తీశాడు. అందులో పెళ్లివాళ్లు వీపులే కనిపిస్తూ నల్లగా ఉన్నారు. తాటాకు పందిరి అంచు పైన వసిష్ఠుడూ అరుంధతీ రెండు చుక్కలుగా విడివిడిగా ఉన్నారు. ముఖాలు లేని ఆ ఫోటోనే ఆ ఇంట్లో పెద్దగా చేయించి హాల్లో పెట్టుకున్నారు. ఆ కుర్రాడు ఎవరినీ అటు తిరగమనలేదు, నవ్వమనలేదు. వాళ్లు దేన్ని చూస్తున్నారో తానూ దాన్నే చూశాడు.

సాక్షి ఎలా ఉండాలన్నదానికి ఇంతకంటే స్పష్టమైన మాట శంకరుల గీతాభాష్యంలో ఉంది. పదమూడో అధ్యాయంలో పరమపురుషుణ్ని ఉపద్రష్ట అన్నచోట ఆయన యజ్ఞశాలను ఉదాహరణగా తెచ్చారు. ఋత్విక్కులు, యజమాని పనిలో మునిగి ఉంటారు. వాళ్లకు దగ్గరగా ఇంకొకడు కూర్చుని ఉంటాడు. అతను ఏ పనిలోనూ చెయ్యి పెట్టడు. కానీ యజ్ఞవిద్య బాగా తెలిసినవాడు. వాళ్లు చేసే పనిలో గుణమేదో దోషమేదో చూస్తుంటాడు. దేహంలో ఆత్మ అలా ఉంటుందని ఆయన చెప్పారు. శ్రౌతయాగాల్లో దక్షిణం వైపు మౌనంగా కూర్చుని కర్మ మొత్తాన్ని కనిపెట్టే బ్రహ్మ అనే ఋత్విక్కు నాకు ఇక్కడ గుర్తొస్తాడు. మూడు లక్షణాలు కలిస్తేనే ఆ సాక్షి. దగ్గరగా ఉండాలి. తాను చేయకూడదు. చేస్తున్నది తెలిసి ఉండాలి. మొదటి రెండూ అగ్నికీ ఉన్నాయి, పెళ్లికి వచ్చిన బంధువుకూ ఉన్నాయి. మూడోది లేని చూపు ఎంత దగ్గరగా ఉన్నా కర్మను అందుకోలేదు.

మన ఫోటోగ్రాఫర్లలో చాలామందికి లోపిస్తున్నది ఈ మూడోదే. అందులో వాళ్ల తప్పు ఏమంత లేదు. చెప్పవలసినవాళ్లం చెప్పడం లేదు. తరవాత ఏం జరగబోతోందో తెలియనివాడు కంగారుపడతాడు. కంగారుపడ్డవాడు కేకలు వేస్తాడు, మళ్లీ చేయమంటాడు. ముందే తెలిసినవాడికి ఆ అవసరమే రాదు. కొవ్వూరునుంచి వచ్చే ఒక అబ్బాయి, ఫోటోగ్రాఫరే, పెళ్లికి రెండు రోజుల ముందు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని క్రమమంతా రాసుకున్నాడు. దర్భపోచ సంగతి విని, “అదెంతసేపండి?” అన్నాడు. రెప్పపాటు బాబూ అన్నాను. “అయితే దానికి ముందు మీరు చదివేది చెప్పండి, గుర్తుపట్టుకుంటాను” అని ఆ మంత్రం చివర నా చేత రెండుసార్లు చదివించి ఫోనులో రికార్డు చేసుకున్నాడు. పెళ్లినాడు నేను సైగ చేయలేదు. నా గొంతు ఆ చోటికి వచ్చేసరికి అతని కెమెరా లేచి ఉంది. ఆ దర్భపోచ ఫోటో చూసి ఆ పిల్ల తాతగారు, ఇలాంటి కర్మ ఒకటి ఉందని తనకిన్నాళ్లూ తెలియదన్నారు.

ముందు కూర్చున్నప్పుడు ఏం మాట్లాడుకోవాలో కూడా చెప్పాలి. మొదట దిక్కులు. దంపతులు హోమానికి పడమట తూర్పుముఖంగా కూర్చుంటారు. హోమపాత్రలు ఉత్తరాన ఉంటాయి, దక్షిణం బ్రహ్మ స్థానం. కాబట్టి కెమెరా మనిషికి మిగిలిన చోటు తూర్పు, ఈశాన్యం. పొద్దుటి ముహూర్తమైతే సూర్యుడు అతని వీపు వెనక ఉంటాడు, వెలుగు నేరుగా దంపతుల ముఖాల మీద పడుతుంది. ఆరుబయట పందిట్లో ఈ ఏర్పాటు ఎంత అందంగా కుదురుతుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఫంక్షన్ హాల్లో వేదిక ఏ దిక్కుకు ఉందో ముందే వెళ్లి చూసుకుంటే, ఫోకస్ లైట్లను కూడా ఆ తీరుగా అమర్చుకోవచ్చు. హోమానికీ దంపతులకూ మధ్యనుంచి ఎవరూ దాటకూడదన్న ఒక్క నియమం చాలు, సగం గందరగోళం పోతుంది.

తరవాత, ఎవరికీ పట్టనివి. వధువు తలపై కాడి చిల్లును ఉంచి, అందులో బంగారం పెట్టి, నీళ్లు పోస్తాం. నడుముకు దర్భతాడు కడతాం. సన్నికల్లు మీద ఆమె కుడికాలు పెట్టిస్తూ రాయిలా స్థిరంగా ఉండమంటాం. ఇవన్నీ నిమిషాల్లో అయిపోతాయి. తెలియనివాళ్లు ఆ సమయంలో బ్యాటరీ మార్చుకుంటూ ఉంటారు. అలాగే ఇంటి ఆచారాలు. జీలకర్ర బెల్లం, తాళి గృహ్యసూత్రాల్లో కనిపించవు, ఆచారంగా వచ్చి పెళ్లికి ప్రాణమయ్యాయి. వివాహాచారాలను స్త్రీలనుంచి తెలుసుకోవాలని ఆపస్తంబుడే అన్నాడు. కాబట్టి ఫోటోగ్రాఫరు నాతో మాట్లాడితే సరిపోదు. ఆ ఇంటి అమ్మమ్మతో, మేనత్తతో మాట్లాడాలి. మీ ఇంట్లో ఏది తప్పనిసరి, ఏది ఎవరికీ చూపించరు అని అడగాలి. కులాన్ని బట్టి, ఊరిని బట్టి, మంత్రం ఉన్న పెళ్లి, లేని పెళ్లి అన్నదాన్ని బట్టి క్రమం మారుతుంది. అడగవలసిన ప్రశ్న అన్నిచోట్లా ఇదే.

కన్నీళ్ల గురించి కూడా ముందే అనుకోవాలి. వధువు గానీ ఆమె వాళ్లు గానీ ఏడిస్తే జపించడానికి పెళ్లి మంత్రాల్లో ఒక మంత్రం ఉంది. ఆ ఏడుపును సూత్రకారుడు అపశకునంగా చూడలేదు, దానికి చోటిచ్చాడు. కాబట్టి అప్పగింతల వేళ తల్లి ఏడ్చే బొమ్మ తీయకూడదని నేను అనను. ఆ ముఖం మీద లైటు వెయ్యొద్దు, అడుగు వెనక్కి వేసి దూరపు లెన్సుతో తియ్యి నాయనా అంటాను. చూపించడానికి ఇష్టం లేనివాళ్ల విషయంలో ఫోటో తీసేవాడు తన పద్ధతి మార్చుకోవడం మన నేలకు కొత్త కాదు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ 1892లోనే హైదరాబాదులో పరదా స్త్రీల కోసం వేరే స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతిలో ఉంచాడు. వాళ్ల కట్టుబాటును వాళ్లకు వదిలేసి, తన ఏర్పాటు తాను మార్చుకున్నాడు.

ఆ ముందు కూర్చోవడంలో తల్లిదండ్రులు చేయవలసిన పని ఒకటుంది. ఫోటోగ్రాఫరుకు, అతనితో వచ్చినవాళ్లకు ఎప్పుడు ఎక్కడ భోజనం పెడతారో అప్పుడే చెప్పాలి. తెల్లవారుజామున మంగళస్నానాల దగ్గర మొదలుపెట్టినవాడు మూడో బంతి లేచేదాకా ఖాళీ కడుపుతో తిరుగుతుంటాడు. ఉపవాసం నాకు కర్మలో భాగం, నేను ఎంచుకున్నది. అతనికి అది మన మరుపు. సాక్షిని నిలబెట్టుకున్నాక అతని ఆకలి బాధ్యత మనదే.

ఇంత ఖర్చు పెట్టి చేసిన పెళ్లిలో చివరికి మిగిలేది ఫోటోలే కదా అని చాలామంది అంటారు. మిగిలేది ఫోటోలే అయితే వాటికోసం ఏం చేసినా తప్పు లేదు, మళ్లీ మళ్లీ తాళి కట్టించినా తప్పు లేదు. కానీ మిగిలేది అది కాదని ఏళ్లు గడిచిన ఏ దంపతులను అడిగినా చెబుతారు. ఏడో అడుగు దగ్గర స్నేహాన్ని కోరే మంత్రం ఉంది. ఆ స్నేహం మిగిలితే పెళ్లి మిగిలినట్టు. కష్టం వచ్చిన ఒక రాత్రి ఆ ఇద్దరూ ఆల్బం తెరిచినప్పుడు, తెరసెల్ల దిగిన వేళ తాము నిజంగా ఒకరినొకరు చూసుకున్న చూపు అందులో ఉండాలి. ఫోటోగ్రాఫరు వాళ్లకు ఇవ్వగలిగిన మేలు అది. కెమెరా వైపు చూసి నవ్విన నవ్వు ఆ రాత్రి అక్కరకు రాదు.

కాబట్టి పెళ్లి పెట్టుకున్నవాళ్లకు నేను చెప్పేది ఇది. ఫోటోగ్రాఫరును కుదుర్చుకునేటప్పుడు ఎన్ని కెమెరాలు, డ్రోన్ ఉందా, ఆల్బంలో ఎన్ని షీట్లు అని అడగండి, తప్పులేదు. వాటితో పాటు ఇంకొకటి అడగండి: పెళ్లి క్రమం తెలుసుకోవడానికి మా పురోహితుడి దగ్గరికి, మా ఇంటి పెద్దావిడ దగ్గరికి ఎప్పుడు వస్తావు? తేదీ చెప్పినవాడికి పని అప్పగించండి. ఆ కూర్చున్న గంటలో అతను మీ పెళ్లికి సాక్షి అవుతాడు. పురోహితుడు తీరిక లేదంటే, నాలాంటివాళ్లం తరచూ అనేమాటే అది, పట్టుబట్టండి. మంత్రం చదవడం ఎలా మా పనో, దాన్ని చూసేవాడికి తెలియజెప్పడమూ మా పనే.